సవరణ: పిల్లల పళ్లకు క్లిప్పులు, చూపించాల్సిన వయసు

"పాలపళ్లన్నీ ఊడి, పన్నెండేళ్లు దాటాకే పిల్లల్ని క్లిప్పుల డాక్టరుకు చూపించండి" అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. క్లిప్పులు వేసే వయసునే మొదటిసారి చూపించే వయసుగా రాసేశాను. అమెరికా ఆర్థోడాంటిస్టుల (క్లిప్పుల డాక్టర్ల) సంఘం చెప్పేదాని ప్రకారం ఏడేళ్లకల్లా ఒకసారి చూపించాలి. అప్పటికి కొన్ని శాశ్వత పళ్లు వచ్చి ఉంటాయి కాబట్టి పైదవడ, కిందిదవడ ఎలా కలుస్తున్నాయో తెలుస్తుంది.

చూపించినంత మాత్రాన క్లిప్పులు వేసేయరు. ఎక్కువమందికి పది నుంచి 14 ఏళ్ల మధ్యే వేస్తారు. ఎనిమిదేళ్ల పాపకు పై ముందుపళ్ల మధ్య చిన్న సందు కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, కోరపళ్లు దిగేసరికి చాలావరకు దానంతటదే మూసుకుంటుంది.

ఆలస్యం చేయకూడనిది వేరే ఉంది. పిల్లాణ్ని వెనకపళ్లు కలిపి కొరకమని చెప్పి చూడండి. పైపళ్లు కిందిపళ్లకు కాస్త బయటగా ఉండాలి. ఒకవైపు అవి లోపలికి పడుతున్నా, నోరు మూసేటప్పుడు గడ్డం పక్కకు జరుగుతున్నా చూపించండి. పైదవడ ఇరుకుగా ఉండటం వల్ల అలా అయితే, అంగిలి ఎముక మధ్య అతుకు గట్టిపడకముందే దాన్ని వెడల్పు చేయడం తేలిక. పెద్దయ్యాక కష్టమవుతుంది. ఎప్పుడూ నోటితోనే గాలి పీలుస్తున్నా, వేలు చీకడం మానకపోయినా అదీ డాక్టరుకు చెప్పండి.

పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇదీ పంపండి.