మెడ మీది నలుపు మురికి కాదు

మన వరంగల్‌లో పిల్లవాడు బొద్దుగా ఉంటే దిష్టి తీస్తాం. మెడ వెనక నల్లబడితే సున్నిపిండి పెట్టి రుద్దుతాం. ఎంత రుద్దినా పోదు, అది మురికైతే కదా! లావైన పిల్లల్లో ఆ నలుపు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. షుగర్ రాకముందే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాల్సింది ఎంజీఎం పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు కాదు, జ్వరమొస్తే తీసుకెళ్లే బస్తీ దవాఖానా డాక్టరు.

దేశంలో 5–19 ఏళ్ల స్థూలకాయులు 1990లో 4 లక్షలు, 2022 నాటికి కోటీ 25 లక్షలు. ఇది పేపర్లలో వచ్చిందే. నా బాధ వేరు. దవాఖానాలో పిల్లల బరువు చూస్తారు, మందు డోసు కోసం. ఎత్తు మాత్రం అడగరు. ఐదేళ్లు దాటిన పిల్లల నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటిందంటే హెచ్చరికే. అందుకు ఒక టేపు చాలు. బరువును ఎత్తుతో పోల్చి చూసే బీఎంఐలో పెద్దల అంకెలు పిల్లలకు పనికిరావు కనుక, పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2015లో ఇచ్చిన వయసువారీ ఎదుగుదల చార్టు గోడకు అంటించుకోవాలి. రెండు నిమిషాల పని.

తల్లిదండ్రులు ముందు అడిగేది థైరాయిడ్ టెస్టు. హార్మోన్ లోపంతో లావైన పిల్లలు సాధారణంగా పొట్టిగా ఉండిపోతారు. ఎత్తు బాగా పెరుగుతున్నవాడికి ఆ టెస్టు చాలావరకు దండగ. బీపీ, షుగర్, లివర్ చూడాలి. పస్తులు పెట్టొద్దు. ఎదిగే వయసులో బరువు పెరగకుండా ఆగి, ఎత్తు పెరిగితే చాలామందికి సరిపోతుంది. కూల్‌డ్రింక్ మానాల్సింది వాడొక్కడే కాదు, ఇల్లంతా. ‘లడ్డూగా’ అని పిలవడం కూడా మానాలి.

‘బక్కపిల్లలు, రక్తం లేని పిల్లలే ఇంకా ఎందరో ఉంటే, ఇదో పనా’ అంటారు కొందరు. లావుగా ఉన్నవాడికీ రక్తం తక్కువ ఉండొచ్చు. బక్కవాడినీ బొద్దువాడినీ పట్టించేది ఆ ఒక్క చార్టే.

సరే, డాక్టరు రోజుకో గంట ఆడించమంటాడు. ఎక్కడ? ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. హనుమకొండలో కాంప్లెక్సుల పై అంతస్తుల్లో బళ్లు నడుస్తున్నాయి. పీఈటీ పీరియడ్‌లో లెక్కల స్లిప్ టెస్టు పెడుతున్నారు. సాయంత్రం ట్యూషన్, రాత్రి స్టడీ అవర్. పదమూడేళ్లవాడు పొద్దంతా కుర్చీలోనే ఉంటే ఏ డాక్టరు చీటీ ఏం చేస్తుంది? గుర్తింపు రెన్యూవల్‌కు వచ్చే విద్యాశాఖ అధికారి కూడా ఒక టేపు తెచ్చుకోవాలి. మైదానం కొలిచాకే సంతకం పెట్టాలి.