పైన చెక్క సరే, లోపల ఏముంది?

చెక్క కీబోర్డు ప్లాస్టిక్‌దాని కంటే ఎక్కువ కాలం మన్నుతుందని, పర్యావరణానికి కూడా మేలని ఒక వ్యాసంలో రాశారు. నేను వెదురుది వాడాను (వెదురు గడ్డి జాతి, చెక్క అనడమే కాస్త మొహమాటం). చూడముచ్చటగా ఉంటుంది, వేళ్లకు హాయిగా తగులుతుంది, కాదనను. కానీ ఓసారి విప్పి చూస్తే లోపల ఉన్నది మామూలు మెంబ్రేన్ కీబోర్డే. అవే ప్లాస్టిక్ షీట్లు, అవే రబ్బరు బుడిపెలు. చొక్కా ఒక్కటే వెదురు! ఆ రబ్బరు సాగిపోయిన రోజున చొక్కా ఎంత గట్టిగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఇక తేమ. ముసురు పట్టిన రోజుల్లో నా స్పేస్‌బార్ ఉబ్బి ఒక పక్క ఇరుక్కునేది. నొక్కితే లోపలికి వెళ్లేది గానీ పైకి రావడానికి బద్ధకించేది. మెయిల్‌లో మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అక్షరాలు లేజర్‌తో చెక్కినవి కాబట్టి చెరిగిపోవు, నిజమే. ఆ గాడుల్లో చేరే మురికి మాత్రం టూత్‌బ్రష్‌తో రుద్దినా ఓ పట్టాన వదలదు.

చెక్క మీద మరీ మోజుంటే మెకానికల్ స్విచ్‌లున్న (ప్రతి కీకీ విడిగా స్ప్రింగు స్విచ్ ఉండే), ఫ్రేమ్ మాత్రమే చెక్కతో చేసిన కీబోర్డు తీసుకోండి. టైప్ చేస్తుంటే శబ్దం కొంచెం మెత్తగా వస్తుంది, స్విచ్ పాడైతే మార్చుకోవచ్చు. కీలు మాత్రం పీబీటీ అనే గట్టి రకం ప్లాస్టిక్‌వే ఉండనివ్వండి. చెక్క కీలు అడుగున, స్విచ్‌లోకి దిగే సన్నటి కాడ దగ్గర చీలిపోతుంటాయి. అదీ వద్దనుకుంటే మణికట్టు ఆనించుకునే చెక్కపట్టీ ఒక్కటి కొనుక్కోండి, అందులో పాడవడానికి ఏమీ లేదు.