మా అంబాసిడర్ ఇంజన్ నంబరులోని ఏడో అంకె గారికి

మహారాజశ్రీ ఏడో అంకె గారికి,

నమస్కారాలు. మా పాత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు పరీక్షకని నిన్న పగలు పదకొండు నుంచి మూడున్నర దాకా రవాణా కార్యాలయం ఆవరణలో బానెట్ ఎత్తిపెట్టి తమరి దర్శనం కోసం ఎండలో నిలబడ్డవాణ్ణి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు టార్చి వేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చాలాసేపు వంగి చూసి, "ఇది మూడండీ" అన్నారు. ఎనిమిది అని మనవి చేసుకున్నాను. "ఆర్‌సీలో ఎనిమిదే. ఇంజన్ బ్లాకు మీద చెక్కింది మాత్రం మూడు" అన్నారు. పక్కనున్న ఏజెంటు తొంగి చూసి "తొమ్మిదేమో సార్" అన్నాడు. అతన్ని ఎవరు అడిగారో నాకు తెలియదు.

తమరి కోసం నేను ఏమేం వదులుకున్నానో ఒకసారి గుర్తుచేయనివ్వండి. ఈ కారు 1990 నాటిది. ఘాట్ రోడ్డు ఎక్కితే వెనక సిమెంటు లారీవాడు కూడా హారన్ కొట్టేవాడు. పాత ఇంజన్ తీసేసి పెట్టుకోవడానికి జపాన్ కంపెనీ ఇసుజు వారి 1817 సీసీ ఇంజన్ దొరికింది, గేర్‌బాక్సుతో సహా. బేరం కూడా కుదిరింది. కానీ తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. చట్టం అంటే భయం ఉన్నవాణ్ణి. ఇసుజు వద్దనుకున్నాను. పాత 1489 సీసీ బ్లాకునే, అంటే తమరినే, నమ్ముకున్నాను.

నమ్మకానికి కారణం లేకపోలేదు. ఇదే 1489 సీసీ ఇంజన్‌తో ఇంగ్లండులో 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల కారు వచ్చింది. గాలినీ పెట్రోలునూ కలిపే ఎస్‌యూ రకం కార్బురేటర్లు రెండు పెట్టి మొదట 68, తర్వాత 72 హార్స్‌పవర్ పిండారు. మన అంబాసిడర్‌లో అదే ఇంజన్ యాభై దగ్గర కూర్చుని నిద్రపోయింది. నిద్ర లేపాలంటే సీసీ మార్చనక్కరలేదు, గాలి బాగా ఆడేలా చేస్తే చాలు. ఈ ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్డులో, నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లడానికి ఉన్నవి రెండే దారులు. ఉమ్మడి కుటుంబంలో ఒకే స్నానాలగదిలాగా, ఒకరు బయటికి వస్తేగాని ఇంకొకరు లోపలికి పోలేరు. మా మేస్త్రి ఆ దారులను గ్రైండరుతో నునుపు చేశాడు. వేలు పెట్టి తడిమి, తల అడ్డంగా ఊపి, మళ్లీ గ్రైండరు పట్టేవాడు. అలా మూడు వారాలు. వాల్వులు పెద్దవి, వాటిని తెరిచే క్యామ్ షాఫ్టు కొత్తది, కంప్రెషన్ కొంచెం ఎక్కువ, జంట కార్బురేటర్లు. ఆ రెండూ ఒకే శ్రుతిలో పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని విన్నాడు. పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు, మాకు 2.4 వచ్చింది. ఆ కాగితాన్ని నా పదో తరగతి సర్టిఫికెట్టుకన్నా జాగ్రత్తగా దాచుకున్నాను.

(ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలు అయింది. బంకులో పోసే ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడుతున్నాయి. వాటి సంగతి వేరే ఉత్తరంలో.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2005, 2010, 2015, 2020. నాలుగుసార్లు నలుగురు ఇన్‌స్పెక్టర్లు ఈ బండి చూశారు. అప్పుడు తమరి మీద వేలెడు మందాన గ్రీజు, దాని మీద దుమ్ము, దాని మీద మళ్లీ గ్రీజు. "నంబరు ఎంతండీ?" అని నన్నే అడిగి, ఆర్‌సీ చూసి నేను చదివితే టిక్కు పెట్టి పంపారు. ఈసారి ఇంజన్ విప్పాం కదా అని బ్లాకును కిరోసిన్‌తో కడిగించి, ఇనుప బ్రష్షుతో తోమించి, అంకెల గాడిలో సుద్దపొడి కూడా నింపాను. ఇన్‌స్పెక్టరు గారికి కష్టం లేకుండా ఉండాలని! ముప్పై ఆరేళ్లు మురికిలో ఎనిమిదిగా బతికినవారు, శుభ్రం చేయగానే మూడయ్యారు. ఎడమవైపు రెండు వంపులూ ఎక్కడ పోయాయి?

ఇన్‌స్పెక్టరు గారు పిస్టన్లు చూడలేదు. క్యామ్ సంగతి అడగలేదు. రెండు కార్బురేటర్లు ఎదురుగా బంగారు గాజుల్లా మెరుస్తుంటే వాటి మీద క్లిప్‌బోర్డు పెట్టుకుని రాసుకున్నారు. లోపల ఒక్క పాత భాగం మిగలకపోయినా ఆయనకు అభ్యంతరం లేదు. తమరొక్కరు సరిగ్గా నిలబడితే చాలు. అంతమాత్రం చేయలేకపోయావు. ఒకే ఒక్క పని నీకు. పెట్రోలు తాగవు, వేడెక్కవు, అరిగిపోవు, ఇనుము మీద ఊరికే కూర్చుని ఎనిమిదిలా కనబడాలి, అంతే! దొంగ ఇంజన్ కాదని పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్నారు. నా సొంత ఇంజన్‌ను నేను దొంగిలించలేదని రాయించుకోవడానికి రేపు మళ్లీ సెలవు పెడుతున్నాను.

తిరిగి వస్తుంటే ఫ్లైఓవర్ మీద మూడో గేరులో కాలు నొక్కాను. ఎప్పుడూ లేని గొంతుతో లాగింది. ఒక కొత్త కారువాడు అద్దంలో చూసి పక్కకు జరిగాడు. ఆ క్షణంలో నిన్ను దాదాపు క్షమించాను.

సోమవారం పదింటికి మళ్లీ పరీక్ష. ఆదివారం రాత్రి పాత గ్రీజు కొంచెం తెచ్చి నీ మీద పూస్తాను. కదలకుండా ఉండు.

ఇట్లు,
ఆర్‌సీలో యజమాని అని రాసి ఉన్నవాడు