దుమ్ము దులపని వాడి దీర్ఘాయుష్షు

ఇల్లు శుభ్రంగా ఉంటేనే మనసు నిమ్మళంగా ఉంటుందని మా ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏనాడూ ఖండించలేదు; అలాగని, చీపురు చేతికి వస్తుందేమోనన్న జంకుతో, గట్టిగా సమర్థించనూ లేదు.

ఇటీవల నాకు శాస్త్రం అండ దొరికింది. లాస్ ఏంజెలెస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే 30 జంటల మీద జరిపిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు సగంలో నిలిచిపోయాయని వాపోయిన ఇల్లాళ్లలో, సాయంత్రానికి దిగిరావలసిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను దిగవలసినంతగా దిగలేదట. మగవారిలో మాత్రం అటువంటి సంబంధం కనబడలేదట. ఇన్నేళ్లుగా లోకం సోమరితనమని నిందిస్తున్నది నిజానికి దృఢమైన ఆరోగ్యస్థితి అని తెలిసి నా కళ్లు చెమర్చాయి.

విశాఖలో మేముండే పెదవాల్తేరులో సముద్రపు గాలి ఉచితం. దానితో వచ్చే ఉప్పూ చెమ్మా కూడా ఉచితమే. పొద్దున తుడిచిన కిటికీ ఊచలు సాయంత్రానికి మళ్లీ చేతికి జిగటగా తగులుతాయి, వానాకాలంలో బీరువాలోని తోలు బెల్టుకు బూజు పడుతుంది. చెమ్మ పట్టిన పరుపుల్లో కంటికి ఆనని ధూళి పురుగులు వర్ధిల్లుతాయని, వాటి మలం కొందరికి ఉబ్బసాన్ని రేపుతుందని వైద్యులు చెబుతారు కాబట్టి, దుప్పట్లను వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలని మా ఆవిడ తీర్మానించింది. నేను దానిని ఏకగ్రీవంగా ఆమోదించి పడుకున్నాను. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు దేశంలో నాలుగో స్థానం దక్కింది. మా అటక ఎక్కి చూసినవారెవరూ లేరు.

ఇక మా హాల్లోని ప్లాస్టిక్ కుర్చీ సంగతి. ఒకసారి తొడిగిన చొక్కాలు, అంటే ఉతకడానికి మరీ మాయనివి, మడవడానికి మరీ నలిగినవి, దాని మీద పొరలు పొరలుగా పేరుకొన్నాయి. అడుగున ఒక తువ్వాలు, దాని కింద ఒక గొడుగు, ఆపైన చరిత్ర. విజయనగరం నుంచి బావగారు వస్తున్నారంటే ఆ కుర్చీని, బట్టలతో సహా, ఉత్సవ విగ్రహంలా ఎత్తి పడకగదిలోకి ఊరేగిస్తాము.

నేను అసలు చేయి కలపలేదనడం మాత్రం అన్యాయం. ఒక ఆదివారం స్నానాలగదిలో బ్లీచింగ్ పౌడరు చల్లి, మరింత తెల్లబడాలన్న సదుద్దేశంతో దాని మీద యాసిడ్ పోశాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందన్న పాఠం ఇద్దరమూ దగ్గుతూ మెట్ల మీదికి పరుగెత్తాక గుర్తుకు వచ్చింది. ఆనాటి నుంచి నన్ను శుభ్రతా కార్యక్రమాల నుంచి శాశ్వతంగా మినహాయించారు; నా కార్టిసాల్‌కు ఇంతకన్న మేలు చేసిన మందు లేదు.

నిన్న రాత్రి ఆ పరిశోధన సారాంశం అచ్చు తీయించిన కాగితాన్ని మా ఆవిడకు చూపించాను. ఆమె చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టకుండానే చదివి, "ఏటండీ, ఆ ముప్పై ఇళ్లలోనూ గదులు తుడిచిందెవరో ఇందులో రాశారా?" అని అడిగింది.

సమాధానం వెతుకుదామని ఆ కాగితాన్ని కుర్చీ మీదే ఎక్కడో పెట్టాను. ప్రస్తుతానికి కనబడడం లేదు.