డేగ, కాకి, కనీస మద్దతు ధర

సంక్రాంతి మూడు రోజులూ నేను కోడిపందేల బరి దగ్గర కనిపించిన మాట నిజమే. పరిశోధన కోసం వెళ్ళాను. ఈ సంగతి మొదట్లోనే చెప్పేయడం మంచిది. ఈ వ్యాసం మా ఆవిడ కూడా చదువుతుంది.

ముప్పయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పినవాడిని. గిరాకీ, సరఫరా అనే రెండు గీతలు కలుసుకున్న చోట ధర పుడుతుందని వేలమంది చేత బట్టీ పట్టించాను. ఆ చోటు ఎక్కడుందో చూపించమని ఒక్కడూ అడగకపోవడం నా అదృష్టం. రిటైరై కోనసీమలో మా ఊరు చేరాక తీరిక దొరికి, నేనే దాన్ని వెతకడం మొదలుపెట్టాను. ధాన్యం కొనుగోలు కేంద్రంలో లేదు. చేపల రేవులో ఉన్నట్టే ఉండి మాయమైంది. చివరికి ఒక కొబ్బరితోటలో, షామియానా పక్కన, కోడి పకోడీ బండి వెనకాల దొరికింది.

నేల చదును చేసి, నీళ్ళు చల్లి, చుట్టూ కంచె కట్టారు. లోపల రెండు కోళ్ళు. నెలల తరబడి జీడిపప్పు, బాదం, ఖీమా తిని, ఈత కొట్టి, వ్యాయామం చేసి పెరిగిన శరీరాలు. నా పెన్షనుకు ఆ భోజనం అందదు. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ అని పేర్లు. కాలికి కత్తి కట్టడానికి వేరే నిపుణుడు ఉంటాడు, ఆయన చెయ్యి పడితే చాలు పందెం విలువ పెరుగుతుంది. కోడి అభిప్రాయం ఎవరూ అడగలేదు. మార్కెట్ల గురించి రాసే మేమూ సాధారణంగా అడగం.

నా ముందు ఒక పెద్దాయన నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, కంచె అవతల ఉన్న ఎవరో కుర్రాడికి ఐదు వేళ్ళు చూపించాడు. కుర్రాడు తల ఊపాడు. ఐదు వందలా, ఐదు వేలా, యాభై వేలా అన్నది నాకు అర్థం కాలేదు. వాళ్ళిద్దరికీ అర్థమైంది. మూడు నిమిషాల్లో కాకి పడిపోయింది. పెద్దాయన ఎవరూ అడక్కముందే బొడ్డులోంచి ఒక కట్ట తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. అది నలుగురైదుగురి చేతులు మారి, కంచె చుట్టూ సగం తిరిగి కుర్రాడిని చేరింది. దారిలో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్క నోటూ జారిపోలేదు. కుర్రాడు కూడా లెక్కపెట్టకుండా జేబులో వేసుకున్నాడు.

ఈ దృశ్యం చూసి నేను పకోడీ తినడం మానేశాను. (వేడి చల్లారాక మళ్ళీ తిన్నాను.) 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. ఓడినవాడు ఇవ్వనంటే ఏ కోర్టుకూ వెళ్ళలేం. 1974 నాటి జూద నిరోధక చట్టం ప్రకారం అక్కడ నిలబడ్డ మేమందరం నిందితులం. కోడి తరఫున 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా పందేలు ఆపమంది. ఇన్ని చట్టాలు కాదన్న చోట కాగితం లేకుండా, సాక్షి లేకుండా, హామీదారు లేకుండా బాకీ మూడు నిమిషాల్లో తీరిపోయింది.

చట్టం దగ్గరుండి జరిపించే వ్యాపారం ఎలా ఉంటుందో చెబుతాను. మా వేలువిడిచిన మేనమామ కొడుకు ఒకాయన ఉన్నాడు. నాకు బావ. నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మాకు క్వింటాలు బడిపుస్తకంలో మాట. కళ్ళంలో లెక్కంతా 75 కిలోల బస్తాల్లోనే. అంటే బస్తా సుమారు 1,777. ఇంతకంటే తగ్గకూడదు కాబట్టి కనీస అన్నారని నిఘంటువు చెబుతుంది. మిల్లు గేటు దాటి లోపలికి నిఘంటువును రానివ్వరు.

తేమ 17 శాతానికి మించకూడదని నిబంధన. బావ వారం రోజులు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాత్రుళ్ళు బరకాలు కప్పి, దాని పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. కొనుగోలు కేంద్రం మీటరు 16.8 అంది. అక్కడినుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో మిల్లు. అక్కడి మీటరు 19 అంది. దారిలో వాన పడలేదు. పరీక్షకు వెళ్ళే పిల్లవాడి అరచేతుల్లా ధాన్యానికి కూడా మిల్లు పేరు వినగానే చెమట పడుతుందని బావ సిద్ధాంతం. నా చదువంతా కలిపినా దానికి మించిన వివరణ నా దగ్గర లేదు. చివరికి బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీసి దించుకున్నారు. రసీదు వచ్చింది, దాని మీద ముద్ర, ఫోనుకు సందేశం, వేలిముద్ర, ఆధార్, బ్యాంకు పుస్తకం నకలు, అన్నీ అయ్యాయి. డబ్బు తప్ప.

ఈ డెల్టాకు నీళ్ళు తేవడానికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. అయిదేళ్ళు. ఇప్పుడు రసీదు నుంచి ఖాతా దాకా ఉన్న దూరానికి ఆనకట్ట కట్టమంటే ఆ మహానుభావుడు కూడా తిరుగు ఓడ ఎక్కేవాడు. 2011లో కోనసీమ రైతులు విసిగిపోయి, ఈ ఖరీఫ్‌కు పంటే వేయం, సెలవు అన్నారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆదివారాలు, రెండో శనివారాలు తీసుకునేవాళ్ళు మరీ ఆశ్చర్యపోయారు.

మళ్ళీ బరి దగ్గరకు వస్తాను, కాళ్ళు అటే లాగుతున్నాయి. దివాలా తీసిన కంపెనీల సంగతి తేల్చడానికి 2016లో పార్లమెంటు ఒక చట్టం తెచ్చింది. మొదట 180 రోజులన్నారు, తర్వాత కోర్టు వ్యవహారాలతో కలిపి 330 రోజులన్నారు. అయినా గడువు దాటిన కేసులే ఎక్కువ. బరిలో దివాలా ప్రక్రియ చూడండి. ఓడిన కోడి అక్కడికక్కడే గెలిచినవాడి ఆస్తి. మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటుంది. అప్పులవాళ్ళు, వేలంపాట, వాయిదా ఏవీ లేవు. పైగా బాదం తిని పెరిగిన ఆస్తి కనుక విలువ తరగదు. దీర్ఘకాలంలో అందరం చచ్చిపోయేవాళ్ళమే అని అర్థశాస్త్రవేత్త కీన్స్ 1923లో రాశాడు. బరిలో దీర్ఘకాలం మూడు నిమిషాలు కాబట్టి ఆయన చెప్పింది ఇక్కడ రోజుకు ముప్పైసార్లు రుజువవుతుంది.

భవిష్యత్తు చెప్పే శాఖ కూడా ఉంది. తిథి, వారం, నక్షత్రం, దిక్కు చూసి ఏ రంగు కోడి ఏ రంగు కోడిని గెలుస్తుందో చెప్పేదాన్ని కుక్కుట శాస్త్రం అంటారు. నా పక్కనున్న పండితుడు నలిగిన పుస్తకం తిప్పి, డేగ గెలుపు ఖాయం అన్నాడు. డేగ ఓడింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దించడం పడమర నుంచి దించారండీ, అక్కడ తేడా వచ్చింది" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. వృద్ధిరేటు అంచనా తప్పినప్పుడు మేమూ ఇలాగే కళ్ళజోడు తుడుచుకుంటాం. కాకపోతే పడమర అనం, అంతర్జాతీయ పరిస్థితులు అంటాం.

పడమర అంటే గుర్తొచ్చింది. రొయ్యల లెక్క తలకిందులు లెక్క. కిలోకు ముప్పై తూగితే పెద్ద రొయ్య, వంద తూగితే చిన్నది. అందుకని కౌంటు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. అక్కడ సంతకం సిరా ఆరకముందే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది. తగ్గిన ధర విమానంలో వస్తుంది, పెరిగిన ధర ఓడలో వస్తుంది. ఆ ఓడ ఏ రేవులో ఆగిందో ఎప్పుడూ తెలియదు.

చేపల రేవు సంగతి వేరు, అక్కడ నేను స్వయంగా బలైపోయాను. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రంలోని ఇలస ఏటికి ఎదురీది పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నది సామెత. ఈ సామెత పుట్టించినవాడు తప్పకుండా అమ్మేవాడే అయ్యుండాలి. ఒడిశా ఇలస ఐసు పెట్టెలో వచ్చి, గట్టు మీద ఒక పూట కూర్చుని పులస అయిపోతుందని అందరికీ తెలుసు. ఏది ఏదో అమ్మే మనిషికే తెలుసు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆయన 1970లో పాత కార్ల గురించి సరిగ్గా ఇదే రాశాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే కొనేవాడు ధర తగ్గిస్తాడు, మంచి సరుకు తప్పుకుంటుంది, బజారు చెడుతుంది. దాన్ని మూడు పత్రికలు వెనక్కి పంపాయి, తర్వాత 2001లో నోబెల్ వచ్చింది.

ఈ పాఠం ముప్పయ్యేళ్ళు చెప్పిన ధైర్యంతో రేవులో చేపలామెను నిలదీశాను. "ఇది గోదావరి పులస అని రుజువేమిటమ్మా?" ఆమె చేప మొప్ప ఎత్తి చూపించింది. నేను తెలిసినట్టు తల ఆడించాను. "చూసి కూడా అడుగుతారేమిటి బాబుగారూ, మాస్టారు కదా మీరు" అంది. ఆ మాట దగ్గర నేను ఓడిపోయాను. ఎన్ని వేలు ఇచ్చానో ఇక్కడ రాయను, కారణం మొదటి పేరాలో ఉంది. మా ఆవిడ బెండకాయలు వేసి, మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద పులుసు పెట్టి, మర్నాటిదాకా ఊరనిచ్చి వడ్డించింది. ముల్లు తీస్తూ, "ఇలసే" అంది. నేను మాత్రం ఊళ్ళో అందరికీ పులస తిన్నామనే చెప్పాను. అకెర్లాఫ్ లెక్కలో ఈ చివరి వాక్యం లేదు. మావాళ్ళు కొనేది చేప కాదు, చెప్పుకోవడానికి ఒక మాట. మాటకు నకిలీ ఉండదు కనుక బజారు చెడలేదు, ఏటేటా ధర పెరుగుతూనే ఉంది.

యానాం గురించి రెండు ముక్కలు. ఫ్రెంచివాళ్ళు 1954లో వెళ్ళిపోయారు, ఊరు పుదుచ్చేరి పాలనలోకి వెళ్ళింది, పన్ను తక్కువ, పెట్రోలు చవక. మా ఊరివాళ్ళు చవక పెట్రోలు పోయించుకోవడానికి ఖరీదైన పెట్రోలు కాల్చుకుంటూ వెళ్ళివస్తారు. పెట్రోలు కోసమే వెళ్ళారా అని నేను రెట్టించలేదు, ఆ ఊళ్ళో చవకైనది అదొక్కటే కాదు.

ఎన్నికల బజారులో ఇంకా వింత ఉంది. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. 2024లో రాష్ట్రంలో ఓటర్లు 4 కోట్ల 13 లక్షల పైమాట, నియోజకవర్గాలు 175. భాగిస్తే ఒక ఓటరు మీద అభ్యర్థి పెట్టగలిగేది పదిహేడు రూపాయలు. మా ఊళ్ళో టీ పది. మిగిలిన ఏడు రూపాయల్లో జెండాలు, వాహనాలు, మైకులు, బిర్యానీ పొట్లాలు అన్నీ సర్దుకున్నారని లెక్కలు దాఖలవుతాయి. ఇంత పొదుపు తెలిసినవాళ్ళు గెలిచాక ఖజానాను ఎందుకు పొదుపుగా వాడలేకపోతున్నారో పరిశోధించాలి.

కవర్ల సంగతి చూద్దాం. మా వీధిలో రెండు వైపులవాళ్ళూ ఇస్తారు, రెండు వైపులా తీసుకుంటారు. ఒకే సరుకును ఇద్దరికి అమ్మి, మూడోవాడికి ఇచ్చే వ్యాపారం. మామూలు బజారులో దీన్ని మోసం అంటారు. ఇక్కడ రహస్య ఓటు అంటారు. సరుకు చేతికి అందిందో లేదో ఏనాటికీ తెలియదని కొనేవాళ్ళిద్దరికీ తెలుసు. అయినా అవతలివాడు ఇస్తున్నాడు కాబట్టి ఇవ్వాలి. బరిలో మాత్రం గెలిచిన కోడి ఏదో వెయ్యిమంది కళ్ళు చూస్తాయి. చూడని చోట కవరు, ముద్ర, మీటరు, మొప్ప కావలసివస్తాయి.

ఇదే నోట్ల రద్దుకూ వర్తిస్తుంది. 2016 నవంబరు 8 మర్నాడు మా స్టాఫ్‌రూములో లడ్లు పంచారు, నేను రెండు తిన్నాను. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు తిరిగివచ్చాయని రిజర్వు బ్యాంకు తుది లెక్క తేల్చేసరికి 2018 ఆగస్టు వచ్చింది. తువ్వాలు పెద్దాయన కట్టను ఎవరూ లెక్కపెట్టలేదన్నది గుర్తు చేస్తున్నాను.

కాబట్టి ప్రభుత్వానికి నా సిఫార్సు. ధాన్యం కొనుగోలును బరికి అప్పగించాలి. నడుమ ఒక్క తేమ మీటరు, ఒక పక్క రైతు, ఒక పక్క మిల్లరు, చుట్టూ కంచె, కంచె చుట్టూ ఊరు. అంకె మైకులో చదవాలి. 17 లోపైతే డబ్బు అక్కడికక్కడే, జనం చేతుల మీదుగా. పై పందేలు ఎవరిష్టం వాళ్ళది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి, దీన్ని చట్టబద్ధం చేయకూడదు. ఏటా పండగకు వారం ముందు పోలీసులు జీపులో తిరిగి ధాన్యం కొనుగోలు నేరమని హెచ్చరించాలి. నాలుగు తేమ మీటర్లు స్వాధీనం చేసుకుని బల్ల మీద పేర్చి ఫోటో దిగాలి. అప్పుడు పని నిమిషాల మీద జరుగుతుంది.

కనుమ నాటి సాయంత్రం బావ బరి దగ్గర కనిపించాడు. చేతిలో ఫోను. సందేశం వచ్చినప్పుడల్లా తెరిచి చూస్తున్నాడు. ఒకటి లోను ఇస్తామని, ఒకటి రీచార్జి అయిపోవస్తోందని, ఒకటి ఎవరో నాయకుడి పండగ శుభాకాంక్షలని. "బావా, డేగా, కాకా?" అన్నాడు. అంతకుముందు ఆరు పందేల ఫలితాలు, సంభావ్యతా సిద్ధాంతం కలిపి ఆలోచించి డేగ అన్నాను. బావ నా మొహంకేసి ఒకసారి చూసి కాకి మీద వేశాడు. శాస్త్రం పరువు కోసం నేను డేగ మీద అయిదు వందలు వేశాను. కాకి గెలిచింది. నా నోటు కంచె చుట్టూ వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎంత సజావుగా వెళ్ళిందో.

రాత్రి బావ ఇంటినుంచి గిన్నెలో కూర వచ్చింది. డేగ. మా ఆవిడ వడ్డించి, పక్కన కూర్చుని, "తినండి, అయిదు వందలు పోశారుగా" అంది. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పనవసరం లేదు, వెయ్యిమంది చూశారు. బావ ధాన్యం డబ్బు ఎక్కడుందో మాత్రం ఆవిడక్కూడా తెలియదట.