పాత కార్బురేటర్‌ను పారేయమనే సలహా తప్పు

ఆర్‌ఎక్స్ 100, బుల్లెట్, యెజ్డీ లాంటి పాత మోటారుసైకిళ్లు నడిపేవారి ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఇరవై ఏళ్లు దాటిన కార్బురేటర్ (ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే భాగం) లోపల అరిగిపోతుంది, మరమ్మతుకు లొంగదు, తీసి పారేసి బజారులో దొరికే కొత్తది బిగించాలి. అంత ఖర్చు వద్దనుకుంటే గిటార్ తీగతో జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్నని రంధ్రాల ఇత్తడి ముక్కలు) పొడిచి, బాడీని రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టాలి. పికప్ తగ్గితే పెద్ద మెయిన్ జెట్ వేయాలి. అయినా కుదరకపోతే తప్పు ఇథనాల్ కలిపిన పెట్రోలుది, ఇక చేసేదేమీ లేదు. ఈ మాటలు నమ్మి బాగుపడే మికునీ కంపెనీ కార్బురేటర్లను తుక్కు కింద తూకానికి వేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, అన్నిటికంటే నష్టం చేసేది: అరిగింది కాబట్టి పారేయాలన్న మాట. ఇంతకీ ఏది అరిగింది? బాడీలో గాలి, పెట్రోలు పారే దారులకు ఒరిపిడి లేదు. సాధారణంగా అరిగేవి నాలుగే: గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్, థ్రాటిల్ (యాక్సిలరేటర్) తిప్పితే పైకీ కిందికీ కదిలే జెట్ నీడిల్, అది దూరి ఆడే నీడిల్ జెట్, గాలి దారిని తెరిచి మూసే స్లయిడ్. ఆర్‌ఎక్స్ 100కు వచ్చిన మికునీ వీఎం20 లోనూ, పాత బుల్లెట్ 350కి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24 లోనూ ఇవన్నీ ఊడదీసి మార్చుకునే భాగాలే. ఫ్లోట్ నీడిల్ మొనను భూతద్దంలో చూడండి. చుట్టూ సన్నని గాడి పడి ఉంటే పెట్రోలు ఆగదు, ఓవర్‌ఫ్లో గొట్టం కారుతూనే ఉంటుంది. జెట్ నీడిల్ ఏళ్ల తరబడి ఒకే వైపు తగులుతూ ఉంటే నీడిల్ జెట్ రంధ్రం గుండ్రదనం పోయి కోలగా మారుతుంది, నీడిల్ ఒక వైపు మాత్రమే మెరుస్తుంది. అప్పుడు సగం థ్రాటిల్‌లో ఇంధనం ఎక్కువై ప్లగ్ మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది. దీనికి మందు నీడిల్, నీడిల్ జెట్ రెంటినీ జతగా మార్చడం. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

స్లయిడ్ వదులైతే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ నడక) నిలకడగా ఉండదన్నది నిజమే. కానీ ఆ లక్షణం కనిపించగానే స్లయిడ్‌ను అనుమానించకండి. ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న అతుకు మీద, సైలెన్సర్‌కు తగలకుండా, కొద్దిగా కార్బురేటర్ క్లీనర్ స్ప్రే చేయండి. ఇంజన్ శబ్దం మారితే అక్కడ గాలి జొరబడుతున్నట్టే. చాలా పాత బండ్లలో దోషం ఆ అతుకులోని పగిలిన రబ్బరు గొట్టానిది, అంటే మానిఫోల్డ్‌దే. అది అలాగే ఉంచి కొత్త కార్బురేటర్ బిగిస్తే జబ్బు కూడా అలాగే ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో అయితే గాలి ఎక్కువై పెట్రోలు మిశ్రమం పలచబడి ఒకరోజు పిస్టన్ పట్టేస్తుంది.

బాడీయే నిజంగా అరిగినా దారి ఉంది. 1927లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన బ్రిటిష్ సంస్థ అమల్ తయారుచేసిన మోనోబ్లాక్ కార్బురేటర్లు జింకు మిశ్రమంతో పోతపోసినవి. బోల్టులు అతిగా బిగిస్తే వాటి ఫ్లాంజ్ (ఇంజన్‌కు బిగించే చదునైన అంచు) వంగుతుంది. దాన్ని దళసరి గాజు పలక మీద పరిచిన ఎమరీ కాగితంపై రుద్ది సమతలం చేస్తారు. లోపలి రంధ్రం అరిగితే బోర్ చేసి, స్లయిడ్‌కు కొత్త తొడుగు వేస్తారు. బ్రిటన్‌లో ఇది చాలాకాలంగా సాగుతున్న పని. అమల్ విడిభాగాలు అక్కడ ఇప్పటికీ తయారవుతున్నాయి. బాడీ పగిలినా, బిగించే చెవి విరిగినా, ఐడిలింగ్ దారి తుప్పు తిని పోయినా మార్చక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ చౌక నకలు పైకి ఒకేలా కనిపించినా దాని స్లయిడ్ కింది అంచు కోత, నీడిల్ మొన వైపు సన్నబడే వాలు మీ ఇంజన్‌కు లెక్క కట్టినవి కావు.

ఇక గిటార్ తీగ. కొన్ని చిన్న ఇంజన్లలో పైలట్ జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలు అందించేది) రంధ్రం మిల్లీమీటరులో దాదాపు ఐదో వంతు. గిటార్‌లో అన్నిటికంటే సన్నని ఉక్కు తీగ దాదాపు పావు మిల్లీమీటరు. అంటే రంధ్రం కంటే తీగే లావు! మెత్తని ఇత్తడిలోకి ఉక్కును బలవంతంగా దూర్చడం శుభ్రం చేయడం ఎలా అవుతుంది? 0.20 మిల్లీమీటర్ల రంధ్రం 0.22 అయితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. కంటికి కనిపించని ఆ తేడా బండి ఐడిలింగ్‌ను పాడుచేస్తుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టండి. కళ్లద్దాలు మరవకండి. వదలకపోతే అల్ట్రాసోనిక్ యంత్రం (ధ్వని కంపనాలతో శుభ్రం చేసేది), అప్పటికీ వదలకపోతే కొత్త జెట్.

నిమ్మరసం సంగతి పొట్టిగా చెబుతాను. జెట్లను మూసే జిగురు ఎండిన పెట్రోలు అవశేషం. దాన్ని కరిగించేది ద్రావకం, ఆమ్లం కాదు. ఆమ్లం కరిగించేది అల్యూమినియంనూ జింకునూ. కూల్‌డ్రింకులో నానబెట్టమనే సలహాకూ ఇదే జవాబు.

పెద్ద మెయిన్ జెట్‌తో పికప్ వస్తుందన్న మాట కార్బురేటర్ పనితీరుకే విరుద్ధం. ఎనిమిదో వంతు థ్రాటిల్ వరకు పైలట్ జెట్, అక్కడి నుంచి పావు వరకు స్లయిడ్ కోత, పావు నుంచి ముప్పావు వరకు జెట్ నీడిల్, ఆపైన మాత్రమే మెయిన్ జెట్ ప్రధానంగా పనిచేస్తాయి. ఊళ్లో తిరిగే బండి ముప్పావు దాటేది ఎంతసేపు? పికప్ తగ్గితే ముందు పైలట్ జెట్, నీడిల్ ఎత్తును నిలిపే క్లిప్ చూడాలి. అంతకంటే ముందు ఇగ్నిషన్ (నిప్పురవ్వ పుట్టించే) పాయింట్ల గ్యాప్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇగ్నిషన్ దోషానికి కార్బురేటర్ విప్పిన సందర్భాలు ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతారు.

చివరిది ఇథనాల్. ఇందులో సగం నిజముంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, దీనికి దాదాపు 13.5 కిలోలు చాలు. అందువల్ల పాత జెట్లతో మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. అంతమాత్రాన చేసేదేమీ లేదనడం తప్పు. గొట్టాలు, ఓ రింగులు, ఫ్లోట్ నీడిల్ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయండి. బండి వారాల తరబడి నిలిపితే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు తీసేయండి. నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి ఇంధనం పెరుగుతుంది. పూర్తి థ్రాటిల్‌లో వెళుతూ కొద్దిగా తగ్గించగానే బండి ఇంకా ఊపందుకుంటోందా? అప్పుడు మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచండి. పెద్ద జెట్ వేయడానికి సరైన కారణం అది.