గ్రిడ్ నడిపేవాడి చేతికి బాకీల చిట్టానా?

2022 ఆగస్టు 18, గురువారం అర్ధరాత్రి నుంచి 12 రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్‌లోని 27 డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) కరెంటు బజారు మూతపడింది. కొనడానికీ వీల్లేదు, అమ్మడానికీ వీల్లేదంటూ జాతీయ గ్రిడ్‌ను నడిపే పోసోకో (ఇప్పుడు గ్రిడ్ ఇండియా) మూడు విద్యుత్ ఎక్స్ఛేంజీలకూ లేఖ రాసింది. ఐఈఎక్స్, పీఎక్స్‌ఐఎల్‌లకే కాదు, ఆ జులైలోనే మొదలైన హెచ్‌పీఎక్స్‌కు కూడా. ఉత్పత్తి సంస్థలకు రావలసింది 5,085 కోట్ల రూపాయలని, అందులో తెలంగాణ ఖాతాలో దాదాపు 1,380 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ఖాతాలో 412 కోట్లు ఉన్నాయని చెప్పారు. కట్టేశాం, బాకీలు నమోదు చేసే ప్రాప్తి పోర్టల్‌లోకి ఎక్కలేదంది ఆంధ్రప్రదేశ్. తెలంగాణ అసలు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. లెక్క తేలకుండానే తలుపు మూశారు, అదీ వరి నాట్లు ముమ్మరంగా సాగుతున్న ఆగస్టులో.

డబ్బు రాకపోతే ఉత్పత్తి సంస్థలు బొగ్గు కొనలేవని, నెలల తరబడి బిల్లులు తొక్కిపెట్టే డిస్కంలకు ఎక్కడో ఒకచోట ముకుతాడు పడాలని కేంద్ర విద్యుత్ శాఖ వాదించింది. కాదనలేం. కానీ ఆ ముకుతాడును ఎవరి చేతికిచ్చారు? గ్రిడ్‌లో డిమాండు, సరఫరాల తూకం చెప్పే ఫ్రీక్వెన్సీని తప్ప మరి దేన్నీ చూడకూడని వాడి చేతికి!

2022 జూన్ 3న నోటిఫై చేసిన ఆలస్య చెల్లింపు సర్‌ఛార్జి నియమాల ప్రకారం, బిల్లు ఇచ్చిన 75 రోజులకూ సొమ్ము ముట్టకపోతే డిస్కంకు స్వల్పకాలిక యాక్సెస్, అంటే ఎక్స్ఛేంజీల్లో ఏ రోజుకారోజు కొని అమ్ముకునే వీలు, ఆగిపోతుంది. అప్పటికీ కట్టకపోతే దీర్ఘ, మధ్యకాలిక ఒప్పందాల కరెంటులో నెలకు పది శాతం చొప్పున కోత పెరుగుతూ పోతుంది. కాగితం మీద పద్ధతిగానే ఉంది. ఈ నియమాలు రాసినవారు ఎక్స్ఛేంజీలో కొనుగోలు ఎలా జరుగుతుందో ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

డే అహెడ్ మార్కెట్‌లో మర్నాటిని పావుగంట చొప్పున 96 బ్లాకులుగా విడదీసి, ఉదయం 10 నుంచి 12 దాకా బిడ్లు తీసుకుంటారు. బిడ్ వేయడానికే మార్జిన్ (ముందస్తు హామీ) సొమ్ము ఉండాలి. ఫలితం వచ్చిన రోజే, అంటే కరెంటు అందడానికి ముందు రోజే, కొనేవాడి ఖాతా నుంచి డబ్బు వెళ్లిపోతుంది. 2020 జూన్ నుంచి నడుస్తున్న రియల్ టైమ్ మార్కెట్‌లో అరగంటకొకటి చొప్పున రోజుకు 48 వేలాలు. అక్కడా అరువు మాటే లేదు. డిస్కంలు ఠంచనుగా చెల్లించే చోటు ఏదైనా ఉంటే అది ఎక్స్ఛేంజీయే. దీర్ఘకాలిక ఒప్పందాల దగ్గర పేరుకున్న బాకీకి నగదు దుకాణం షట్టర్ దించడమేమిటి? అరువుదారును నగదు కూడా తేవద్దంటే మిగిలేది చీకటి ఒక్కటే.

అమ్మకాన్నీ ఆపడం ఇంకా వింత. మధ్యాహ్నం సౌరవిద్యుత్ పొంగినప్పుడో, వాన పడి వ్యవసాయ లోడు ఒక్కసారిగా పడిపోయినప్పుడో డిస్కం చేతిలో మిగులు ఉంటుంది. అది అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి, బాకీలో కొంతైనా తీరుతుంది. ఎద్దును కట్టేసి, దుక్కి ఎందుకు దున్నలేదని అడుగుతున్నారు.

ఇక కంట్రోల్ రూమ్ సంగతి. సాయంత్రం ఏడు గంటలకు డిమాండు ముందే వేసుకున్న షెడ్యూల్‌ను 400 మెగావాట్లు దాటిందనుకోండి. గ్రిడ్‌లో కరెంటు రాకపోకలను నియంత్రించే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో షిఫ్టు ఇంజినీరు ముందున్న దారులు కొన్నే. జలవిద్యుత్ యూనిట్లు తిప్పొచ్చు. థర్మల్ యూనిట్లను పెంచొచ్చు కానీ అవి మెల్లగా లేస్తాయి. కేంద్ర స్టేషన్లలో పొరుగు రాష్ట్రాలు వదిలేసిన వాటా అడగొచ్చు. చివరికి ఎక్స్ఛేంజీలో కొనొచ్చు. ఈ చివరి దారి మూసేశాక మిగిలేవి రెండే: ఊళ్లకు కరెంటు మోసే 11 కేవీ ఫీడర్లను (లైన్లను) వంతులవారీగా కోయడం, లేదా షెడ్యూల్‌ను మించి గ్రిడ్ నుంచి లాగేయడం.

ఏ రాష్ట్రానికైనా రెండోదే తేలిక. షెడ్యూల్ తప్పినవారికి వర్తించే నాటి డీవియేషన్ నిబంధనల్లో హద్దు ఉండేది, నిజమే: షెడ్యూల్‌లో 12 శాతం లేదా 150 మెగావాట్లు, ఏది తక్కువైతే అది; సౌర, పవన విద్యుత్ ఎక్కువున్న రాష్ట్రాలకు 200 నుంచి 250 దాకా. దాటితే అదనపు రుసుములు పడేవి. కానీ ఫ్రీక్వెన్సీ 49.85 హెర్ట్జ్‌కు పడినా అసలు డీవియేషన్ ధర యూనిట్‌కు 8 రూపాయలు మించేది కాదు. ఎక్స్ఛేంజీలో 2022 ఏప్రిల్‌లో సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) పెట్టిన గరిష్ఠ ధర 12 రూపాయలు. పైగా ఎక్స్ఛేంజీలో ముందే కట్టాలి, ఇక్కడ తర్వాత కట్టొచ్చు! బాకీలు పెరగకూడదని తెచ్చిన ఆంక్ష డిస్కంలను నగదు బజారు నుంచి అరువు గ్రిడ్ వైపే నెట్టింది.

అలా లాగితే ఏమవుతుందో అంతకు పదేళ్ల ముందే చూశాం. 2012 జులై 30 తెల్లవారుజామున 2.33కు బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్పయి, 36 వేల మెగావాట్ల ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కలిసి పడిపోయాయి. 48 వేల మెగావాట్లు పోయి, 60 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా కూర్చున్నారు. ఉత్తరాది రాష్ట్రాలు షెడ్యూల్‌ను మించి లాగడం కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. అప్పుడు మనం బయటపడ్డామంటే మన గొప్పతనం కాదు. మిగతా దేశంతో దక్షిణాది గ్రిడ్ ఒకే ఫ్రీక్వెన్సీలో ఇంకా ముడిపడి లేదు, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ 765 కేవీ లైనుతో ఆ గోడ పోయింది. ఇప్పుడు ఎక్కడ జారినా అందరం జారతాం. ఫ్రీక్వెన్సీ పడినప్పుడు రిలేలు (రక్షణ స్విచ్చులు) వాటంతటవే ఫీడర్లను కోసేస్తాయి. బిల్లు కట్టిన రాష్ట్రమా, కట్టనిదా అని అవి చూడవు.

2022 ఆగస్టులో గట్టెక్కామంటే కృష్ణమ్మ చలవ. శ్రీశైలం, సాగర్ నిండి జలవిద్యుత్ యూనిట్లు తిరిగాయి. ఇదే లేఖ మార్చిలో వచ్చి ఉంటే?

మా అసలు భయం ఆ వారం కోతల గురించి కాదు, పడిన ఆనవాయితీ గురించి. విద్యుత్ చట్టం 2003 లోడ్ డిస్పాచ్ సెంటర్లను కరెంటు వ్యాపారం చేయొద్దని ఎందుకు నిషేధించింది? దారి చూపేవాడికి సరుకు మీద ఆశ ఉండకూడదని. పోసోకోను కరెంటు లైన్ల సంస్థ పవర్‌గ్రిడ్ కింద నుంచి తప్పించి 2017లో విడి సంస్థగా ఎందుకు నిలబెట్టారు? ఎవరి పక్షమూ కాకూడదనే. అలాంటి సంస్థ ప్రాప్తి పోర్టల్‌లో ఎవరో ఎక్కించిన అంకె చూసి, సంజాయిషీ అడగకుండా, రాష్ట్రాలకు బజారు మూసింది. బాకీపడిన వాడికి తన కరెంటు ఆపించుకునే హక్కు ఉత్పత్తి సంస్థకు 2010 నాటి సీఈఆర్‌సీ నిబంధనల్లోనే ఉంది. అమ్మేవాడు తన సరుకు ఆపుకోవడం వేరు. ఊరి రోడ్డుకే అడ్డంగా ముళ్లకంప వేయడం వేరు. ఆనాడు ఉత్పత్తి సంస్థల బాకీ. రేపు కేంద్రానికి రావలసిన మరో పద్దు. ఎల్లుండి ఢిల్లీ మాట వినని ముఖ్యమంత్రి. మీట ఒకసారి చేతికొచ్చాక నొక్కడానికి సాకులు కరువా?

రాష్ట్రాలేమీ పత్తిత్తులు కావు. సామాన్యుడు బిల్లు ఆపితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు. ఎత్తిపోతల పంపులు, పంచాయతీ వీధి దీపాలు, తాగునీటి పథకాల బిల్లులు మాత్రం ఏళ్ల తరబడి ముక్కిపోతుంటాయి. రైతుకు తెలంగాణ 24 గంటలు, ఆంధ్రప్రదేశ్ పగటిపూట 9 గంటలు ఉచితమని బోర్డులు కట్టుకున్నాయి. ఆ సబ్సిడీ సొమ్ము డిస్కంకు నెలనెలా అందించే శ్రద్ధ మాత్రం ఇద్దరికీ లేకపోయింది. కేంద్రం కుట్ర అని మైకుల ముందు అరిచే ముందు సచివాలయాల్లో పెండింగు ఫైళ్లు కదిలించండి.

అయినా కేంద్రం చేసింది ఒప్పు కాదు. వసూలుకు ఎల్‌సీలు (బ్యాంకుల చెల్లింపు హామీ పత్రాలు) ఉన్నాయి, వాటిని నగదు చేసుకునే హక్కు ఉంది. జూన్ 3 నాటికి ఉన్న పాత బాకీలకు 48 వాయిదాల వరకు వెసులుబాటును ఇవే నియమాలు ఇచ్చాయి. ఇవన్నీ పక్కన పెట్టి గ్రిడ్ మీద చేయి వేయడం చేతకానితనం. నాటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ ఆ లేఖను వెనక్కి తీసుకునేలా చూడాల్సింది, నియమాల్లోంచి ఎక్స్ఛేంజీ ఆంక్షను తొలగించాల్సింది. ఫ్రీక్వెన్సీ చూడాల్సిన ఇంజినీరు చేతిలో బాకీల పుస్తకం పెట్టి, రేపు గ్రిడ్ పడితే ఆ తప్పు అతని మీదికే నెట్టేద్దామనుకున్నారేమో. ఆ లేఖ పంపించింది కేంద్రంలోని మీరేనని ఈ పత్రిక మరచిపోదు.